బాలల్లో అరుదైన స్వయం ప్రతిరక్షక మెదడువాపు – సకాలంలో గుర్తిస్తే కోలుకునే అవకాశం

(ప్రత్యేక వ్యాసం)

మెదడువాపు వ్యాధి అనగానే దోమలు, పందులు, వానాకాలపు జ్వరాలు గుర్తుకు రావడం తెలుగునాట సహజం. మన దేశంలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను 1955లో తొలిసారిగా గుర్తించింది పొరుగున ఉన్న తమిళనాడులోని వెల్లూరు ప్రాంతంలోనే. 2003 జూన్ – ఆగస్టు నెలల మధ్య అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు లక్షణాలతో ఆసుపత్రుల పాలు కాగా వారిలో 183 మంది మృత్యువాత పడ్డారు. చండీపుర వైరస్ ఇందుకు కారణమని ఆ మరణాలపై పరిశోధన జరిపిన శాస్త్రవేత్తలు పేర్కొన్నారు. ఇటువంటి చేదు అనుభవాల వల్ల మెదడువాపు అంటే వైరస్ వల్లనో, మరో సూక్ష్మక్రిమి వల్లనో వచ్చేదే అన్న అభిప్రాయం ప్రజల్లోనూ, కొంతమేరకు వైద్య సిబ్బందిలోనూ స్థిరపడిపోయింది.

అయితే మెదడులో ఏ క్రిమీ లేకుండానే, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున మెదడుపై దాడి చేయడం వల్ల కలిగే మెదడువాపు కూడా ఉంది. వైద్యులు దీనిని ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అని వ్యవహరిస్తారు. తెలుగులో స్వయం ప్రతిరక్షక మెదడువాపు అనవచ్చు. పిల్లల్లో కనిపించే ఈ తరహా వ్యాధుల్లో ప్రముఖమైనది యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్. ఇది అరుదైన వ్యాధి. విదేశీ అంచనాల ప్రకారం ఏటా పది లక్షల జనాభాలో ఒకరిద్దరికి మించి సోకదు. అయినప్పటికీ దీని గురించి తెలుసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. సకాలంలో గుర్తించి చికిత్స చేస్తే అధిక శాతం పిల్లలు కోలుకుంటారు. గుర్తించని పక్షంలో మానసిక రోగమనో, గాలి సోకిందనో భావించి విలువైన వారాలు వృథా అవుతాయి.

వ్యాధి స్వరూపం

మెదడులోని నాడీకణాలు రసాయనాల ద్వారా ఒకదానికొకటి సందేశాలు పంపుకొంటాయి. అటువంటి రసాయనాలలో గ్లూటమేట్ ముఖ్యమైనది. నాడీకణం ఉపరితలంపై ఉండి ఆ సందేశాన్ని అందుకునే ద్వారాలలో ఎన్‌ఎండీఏ గ్రాహకం ఒకటి. నేర్చుకోవడం, జ్ఞాపకం ఉంచుకోవడం, ఆలోచన, ప్రవర్తన వంటి కీలకమైన పనులు సక్రమంగా జరగడానికి ఈ గ్రాహకాలు అవసరం.

సాధారణంగా యాంటీబాడీలు అనబడే ప్రతిరక్షకాలు శరీరంలో ప్రవేశించిన క్రిములను పట్టుకుని నిర్మూలించడానికి తోడ్పడతాయి. ఈ వ్యాధిలో అవి దారితప్పి ఎన్‌ఎండీఏ గ్రాహకానికి అతుక్కుంటాయి. ఆ విధంగా ప్రతిరక్షకాలు అతుక్కున్న గ్రాహకాలను నాడీకణం తన లోపలికి లాక్కుంటుంది. ఫలితంగా కణం ఉపరితలంపై గ్రాహకాల సంఖ్య పడిపోయి, సందేశాల రాకపోకలకు అంతరాయం ఏర్పడుతుంది. మత్తుమందుగా వాడే కెటమిన్ కూడా ఇదే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. ఆ మందు ప్రభావంలో ఉన్నవారికి భ్రాంతులు కలగడం, పరిసరాలతో సంబంధం తెగిపోయినట్లు అనిపించడం వైద్యులకు తెలిసిన విషయమే. ఈ వ్యాధిగ్రస్తుల్లో దాదాపు అటువంటి స్థితే రోజులు, వారాల తరబడి కొనసాగుతుంది.

ఇందులో ఊరట కలిగించే అంశం ఒకటి ఉంది. గ్రాహకాలు లోపలికి వెళ్లినంత మాత్రాన నాడీకణాలు పెద్దఎత్తున నశించిపోవు. ప్రతిరక్షకాల పరిమాణం తగ్గితే గ్రాహకాలు తిరిగి ఉపరితలానికి చేరుకుంటాయని ప్రయోగశాల పరిశోధనల్లో రుజువైంది. నెలల తరబడి మంచానికే పరిమితమైన పిల్లలు సైతం మళ్లీ బడికి వెళ్లగలగడానికి ఇదే ఆధారం.

వ్యాధి వెలుగులోకి వచ్చిన వైనం

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నాడీవైద్య నిపుణుడు డాక్టర్ జోసెప్ డాల్మౌ బృందం 2005లో నలుగురు యువతుల వివరాలను వైద్యలోకం దృష్టికి తెచ్చింది. ఆ నలుగురిలోనూ మానసిక లక్షణాలు, స్పృహ తగ్గడం, శ్వాస ఇబ్బంది కనిపించాయి. నలుగురికీ అండాశయంలో టెరటోమా అనే కణితి ఉంది. 2007లో ఇదే బృందం మొత్తం 12 మంది రోగులను పరిశీలించి, ప్రతిరక్షకాలు దాడి చేస్తున్నది ఎన్‌ఎండీఏ గ్రాహకంపైనేనని తేల్చింది. దీంతో వ్యాధికి పేరు, నిర్ధారణ పరీక్ష రెండూ లభించాయి. మొదట్లో ఇది కణితి ఉన్న యువతుల జబ్బుగా భావించినప్పటికీ, 2009 నాటికి పిల్లల్లోనూ తరచుగా వస్తుందని, వారిలో అత్యధికులకు కణితి ఉండదని స్పష్టమైంది.

2013లో వెలువడిన ఒక బృహత్ అధ్యయనంలో వివిధ దేశాలకు చెందిన 577 మంది రోగుల వివరాలను విశ్లేషించారు. వారిలో 211 మంది, అంటే 37 శాతం మంది 18 సంవత్సరాల లోపువారు. అతి పిన్న వయస్కుల వయసు 8 నెలలు మాత్రమే. మొత్తం రోగుల్లో 81 శాతం మంది స్త్రీలు, బాలికలు. అయితే 12 సంవత్సరాల లోపు పిల్లల్లో బాలుర వాటా ఇంతకంటే ఎక్కువగా ఉంటుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మెదడువాపు కారణాలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వెలువడ్డాయి. 30 సంవత్సరాల లోపు వారిలో వ్యాధి కారణం తెలిసిన 79 కేసులను పరిశీలించగా, 32 కేసులు ఈ స్వయం ప్రతిరక్షక వ్యాధివేనని తేలింది. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వల్ల వచ్చినవి 7 మాత్రమే. కారణం తెలియని మెదడువాపుగా ఏళ్ల తరబడి నమోదవుతూ వచ్చిన కేసుల్లో కొన్ని నిజానికి ఈ వ్యాధికి చెందినవే అయి ఉంటాయన్న ఆలోచనకు ఈ గణాంకాలు బలం చేకూర్చాయి.

ఈ వ్యాధి మనుషులకే పరిమితం కాదు. జర్మనీలోని బెర్లిన్ జంతు ప్రదర్శనశాలలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన నట్ అనే ధ్రువపు ఎలుగుబంటి 2011 మార్చిలో సందర్శకుల ఎదుటే మూర్ఛవచ్చి నీటిలో పడి మరణించింది. ఎన్‌ఎండీఏ గ్రాహకంపై దాడి చేసే ప్రతిరక్షకాలే దాని మెదడువాపుకు కారణమని 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

పిల్లల్లో లక్షణాలు

వ్యాధి తరచుగా స్వల్ప జ్వరం, తలనొప్పి, జలుబు వంటి సాధారణ ఇబ్బందులతో మొదలవుతుంది. కొద్ది రోజులు మొదలుకొని రెండు వారాల లోపు అసలు లక్షణాలు బయటపడతాయి. పెద్దవారిలో మొదట భ్రమలు, అనుమానాలు, వింత మాటలు కనిపిస్తే, పిల్లల్లో మూర్ఛ, అసంకల్పిత కదలికలు, ప్రవర్తనలో మార్పు ముందుగా కనిపిస్తాయి. అప్పటివరకు చక్కగా ఉన్న బిడ్డ కారణం లేకుండా ఏడవడం, కోపంతో మీద పడటం, రాత్రిళ్లు నిద్రపోకపోవడం, మాటలు తగ్గిపోయి చివరకు పూర్తిగా మూగబోవడం జరుగుతుంది. నోరు, నాలుక, ముఖ కండరాలు నమిలినట్లుగా ఆగకుండా కదలడం, చేతులు కాళ్లు మెలితిరగడం, గంటల తరబడి బిగుసుకుని ఒకే భంగిమలో ఉండిపోవడం ఈ వ్యాధిలో తరచుగా కనిపించే లక్షణాలు. వ్యాధి ముదిరిన దశలో రక్తపోటు, గుండె వేగం, శరీర ఉష్ణోగ్రత అదుపు తప్పుతాయి. కొందరికి కృత్రిమ శ్వాస అందించవలసి వస్తుంది.

చిన్న పిల్లల విషయంలో తొలి దశ మార్పులను మొండితనంగా భావించే ప్రమాదం ఉంది. యుక్తవయసు బాలికల విషయంలో ప్రేమ వ్యవహారమనో, పరీక్షల భయమనో అనుకుంటారు. బిగుసుకుపోవడం, కళ్లు తేలవేయడం, అర్థంకాని మాటలు పలకడం చూసి దయ్యం పట్టిందని, చేతబడి జరిగిందని భావించి తాయెత్తులు కట్టించడం, భూతవైద్యుల వద్దకు తీసుకెళ్లడం గ్రామాల్లో నేటికీ ఉంది. పట్టణాల్లోనూ నేరుగా మానసిక చికిత్సకే పరిమితమయ్యే సందర్భాలు లేకపోలేదు. ఈ వ్యాధిగ్రస్తులకు కొన్ని మానసిక రోగాల మందులు సరిపడక కండరాలు బిగుసుకుపోవడం, జ్వరం వంటి దుష్ప్రభావాలు కలిగే అవకాశం ఉన్నందున జాగ్రత్త అవసరమని నిపుణులు సూచిస్తున్నారు.

ఒక్క లక్షణాన్ని బట్టి ఈ వ్యాధిని నిర్ధారించలేము. ప్రవర్తన మార్పు, మాట తగ్గడం, మూర్ఛ, అసాధారణ కదలికలు, స్పృహలో తేడా వంటివి కొద్ది వారాల వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి రావడమే దీని ముఖ్య లక్షణం. పైన పేర్కొన్న 577 మంది అధ్యయనంలో 87 శాతం మందికి నాలుగు వారాల లోపే నాలుగు లేదా అంతకు మించిన రకాల లక్షణాలు కనిపించాయి.

ప్రేరకాలు ఏమై ఉండవచ్చు?

రోగనిరోధక వ్యవస్థ ఎందుకు దారితప్పుతుందన్న ప్రశ్నకు అధిక శాతం పిల్లల విషయంలో సమాధానం లభించడం లేదు. అయితే రెండు ప్రేరకాలు మాత్రం శాస్త్రీయంగా నిర్ధారణ అయ్యాయి.

మొదటిది టెరటోమా కణితి. ఈ తరహా కణితిలో వెంట్రుకలు, చర్మం, దంతాలతోపాటు కొన్నిసార్లు నాడీకణజాలం కూడా పెరుగుతుంది. శరీరం ఆ కణజాలంపై తయారుచేసిన ప్రతిరక్షకాలు మెదడులోని గ్రాహకాలపైకి కూడా మళ్లుతాయి. 18 – 45 సంవత్సరాల మధ్య వయసు గల స్త్రీ రోగుల్లో సుమారు సగం మందికి కణితి ఉంటుండగా, 12 సంవత్సరాల లోపు బాలికల్లో ఇది సుమారు 6 శాతం మాత్రమే. బాలురలో చాలా అరుదు. శాతం తక్కువైనా కణితి కోసం స్కానింగ్ తప్పనిసరి. కణితి ఉంటే దానిని తొలగించడమే చికిత్సలో మొదటి మెట్టు.

రెండవది హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. పెదవులపై పొక్కులు తెప్పించే ఈ సాధారణ వైరస్ అరుదుగా మెదడుకు చేరి తీవ్రమైన మెదడువాపు కలిగిస్తుంది. మందులతో కోలుకున్న కొందరు కొద్ది వారాలకే మళ్లీ జబ్బుపడటం వైద్యులను చాలాకాలం పాటు కలవరపెట్టింది. వైరస్ తిరగబెట్టిందని భావించేవారు. 2018లో స్పెయిన్‌ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో హెర్పిస్ మెదడువాపు బారినపడిన 51 మందిని వరుసగా పరిశీలించగా 14 మందికి, అంటే 27 శాతం మందికి స్వయం ప్రతిరక్షక మెదడువాపు వచ్చింది. అందరికీ మూడు నెలల లోపే ఇది బయటపడింది. వైరస్ దెబ్బకు నాడీకణాల్లోని ప్రోటీన్లు బయటపడగా, రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా పొరబడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రెండవసారి వచ్చిన జబ్బుకు వైరస్ మందులు పనిచేయవు. ప్రతిరక్షకాలను అదుపుచేసే చికిత్స కావాలి.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి గమనించదగిన మరో అంశం జపనీస్ ఎన్‌సెఫలైటిస్. ఈ వ్యాధి నుంచి కోలుకుంటున్న పిల్లల్లోనూ ఎన్‌ఎండీఏ ప్రతిరక్షకాలతో కూడిన మెదడువాపు వచ్చిన కేసులను చైనా తదితర దేశాల వైద్యులు నమోదు చేశారు. మెదడువాపు నుంచి తేరుకుని ఇంటికి చేరిన బిడ్డ రెండు మూడు నెలల లోపు మళ్లీ మాట కోల్పోయినా, వింత కదలికలు కనిపించినా, మునుపటి జబ్బు మిగిల్చిన లోపంగా భావించి వదిలివేయరాదు.

టీకాలు – వాస్తవాలు

టీకాలు ఈ వ్యాధికి కారణమా అన్న ప్రశ్న తల్లిదండ్రుల నుంచి, పత్రికల నుంచి తరచుగా ఎదురవుతుంది. టీకా వేయించుకున్న తరువాత ఈ వ్యాధి వచ్చిన ఒకటి రెండు ఉదంతాలు వైద్య పత్రికల్లో అక్కడక్కడా కనిపిస్తాయి. ఒకదాని తరువాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమని చెప్పడానికి వీలులేదు. యాంటీ ఎన్‌ఎండీఏ వ్యాధికి టీకాలు కారణమని రుజువు కాలేదు.

ఈ ప్రశ్నను వైద్యశాస్త్రం ఎన్నడూ తేలికగా తీసుకోలేదనడానికి మన దేశ చరిత్రే సాక్ష్యం. పిచ్చికుక్క కాటుకు ఒకప్పుడు బొడ్డు చుట్టూ ఇచ్చిన ఇంజక్షన్లు పాత తరం వారికి గుర్తుండే ఉంటాయి. హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలిలో 1911లో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ టీకాను గొర్రె మెదడు కణజాలం నుంచి తయారుచేసేవారు. అందులోని నాడీకణజాలం కారణంగా కొద్దిమందికి మరో తరహా స్వయం ప్రతిరక్షక మెదడువాపు వచ్చేది. ఈ కారణంగానే దాని ఉత్పత్తిని మన దేశంలో 2004 చివరి నాటికి నిలిపివేసి, కణవర్ధన పద్ధతిలో తయారైన సురక్షితమైన టీకాలను ప్రవేశపెట్టారు. ప్రస్తుతం వాడుతున్న రేబిస్ టీకాల్లో జంతువుల మెదడు కణజాలం లేదు.

మరోవైపు, తట్టు సోకిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. తట్టు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకాలు ఆయా క్రిముల వల్ల కలిగే మెదడువాపు నుంచి పిల్లలను కాపాడుతున్నాయి. టీకాలపై అనుమానంతో వాటిని మానుకోవడం వల్ల పిల్లలకు ముప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు.

నిర్ధారణ పరీక్షలు

ఎంఆర్ఐ స్కానింగ్‌లో ఏమీ కనిపించనంత మాత్రాన ఈ వ్యాధి లేదని చెప్పలేము. సుమారు మూడింట రెండు వంతుల మందికి తొలి ఎంఆర్ఐ సాధారణంగానే ఉంటుంది. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో మాత్రం దాదాపు 90 శాతం మందికి తేడా కనిపిస్తుంది. వెన్ను నుంచి తీసిన ద్రవంలో ప్రతిరక్షకాలను గుర్తించడమే కచ్చితమైన పరీక్ష. రక్త పరీక్ష ఒక్కదానిపై ఆధారపడితే సుమారు ఏడుగురు రోగుల్లో ఒకరి వ్యాధి బయటపడకపోవచ్చు. వెన్ను నుంచి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న అపోహ తల్లిదండ్రుల్లో బలంగా ఉన్నందున, అనుభవజ్ఞులైన వైద్యులు చేసే ఈ పరీక్ష సురక్షితమైనదని వారికి ఓపికగా వివరించవలసి ఉంటుంది.

ప్రతిరక్షకాల పరీక్ష ఫలితం రావడానికి రోజులు పట్టవచ్చు. లక్షణాలు, ఈఈజీ, వెన్నుద్రవం ప్రాథమిక పరీక్షల ఆధారంగా వ్యాధి ఉండవచ్చని నిర్ణయించేందుకు వీలుగా అంతర్జాతీయ నిపుణులు 2016లో ప్రమాణాలను రూపొందించారు. ఇతర కారణాలు లేవని చూసుకున్న తరువాత, తుది ఫలితం కోసం ఎదురుచూడకుండా చికిత్స ప్రారంభించడానికి ఇవి దోహదపడుతున్నాయి.

చికిత్స – ఫలితాలు

తొలి దశ చికిత్సలో మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, రక్తనాళం ద్వారా ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్, రక్తంలోని ప్రతిరక్షకాలను తొలగించే ప్లాస్మా మార్పిడి ముఖ్యమైనవి. వీటికి స్పందన లేనప్పుడు రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులను వాడతారు. ఇవన్నీ నిపుణుల పర్యవేక్షణలో, తగిన సదుపాయాలున్న ఆసుపత్రిలో జరగవలసినవి.

2013 నాటి అధ్యయనంలో తొలి దశ చికిత్స పొందిన 472 మందిలో 53 శాతం మంది నాలుగు వారాల్లోనే మెరుగుపడ్డారు. రెండేళ్ల వ్యవధిలో 501 మందికి గాను 394 మంది తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి చేరుకోగా, 30 మంది మరణించారు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే ఫలితం అంత మెరుగ్గా ఉన్నట్లు ఈ అధ్యయనం తేల్చిచెప్పింది. కోలుకోవడం మాత్రం నిదానంగా జరుగుతుంది. కొందరికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. నడక, నిద్ర ముందుగా దారిన పడినా ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ప్రవర్తన చివరగా కుదుటపడతాయి. సుమారు 12 శాతం మందికి రెండేళ్ల లోపు వ్యాధి తిరగబెట్టవచ్చు. అందువల్ల బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తరువాత కూడా క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు, అవసరమైన వారికి మాటల శిక్షణ, ఫిజియోథెరపీ కొనసాగాలి. చదువులో వెనుకబడిన పిల్లల పట్ల ఉపాధ్యాయులు సహనం చూపాలి.

అధికారులు, సిబ్బంది గమనించవలసినవి

మెదడువాపు కేసుల పర్యవేక్షణకు అనుసరిస్తున్న నిర్వచనంలో హఠాత్తుగా వచ్చిన జ్వరం ప్రధానాంశం. స్వయం ప్రతిరక్షక వ్యాధిలో జ్వరం స్వల్పంగా ఉండి, ఆసుపత్రికి వచ్చేనాటికి తగ్గిపోయి ఉండవచ్చు. కొందరికి అసలు రాకపోవచ్చు. అందువల్ల జ్వరం లేదన్న కారణంతో ఇటువంటి పిల్లలు లెక్కలోకి రాకుండా పోయే అవకాశం ఉంది. హఠాత్తుగా ప్రవర్తన మారి, మూర్ఛ లేదా మాట కోల్పోవడం జరిగిన పిల్లలను పిల్లల నాడీవైద్య నిపుణులున్న బోధనాసుపత్రికి వెంటనే పంపడం శ్రేయస్కరం.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు పిల్లలను నిత్యం చూసేవారు. మార్పును ముందుగా పసిగట్టగలిగేదీ వారే. మెదడువాపు నుంచి కోలుకున్న పిల్లల ఇళ్లను తొలి మూడు నెలల్లో సందర్శించినప్పుడు బిడ్డ మాట, నిద్ర, నడక, ప్రవర్తన గురించి అడిగి తెలుసుకోవడం ఎంతో మేలు చేస్తుంది. మూర్ఛ వచ్చిన బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టి కాలయాపన చేయక 108 అంబులెన్సును పిలవాలి.

పత్రికల పాత్ర

ఇటువంటి కేసులు వెలుగులోకి వచ్చినప్పుడు వింత వ్యాధి, అంతుచిక్కని జబ్బు వంటి శీర్షికలు భయాందోళనలకు దారితీస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. బాధిత బిడ్డతో కలసి ఆడుకున్న పిల్లలకు గానీ, సేవలు చేసిన కుటుంబ సభ్యులకు గానీ సోకదు. బిడ్డ ఫోటో, పేరు, ఊరు ప్రచురించడం వల్ల కోలుకుని బడికి వెళ్లే నాటికి పిచ్చి పట్టిన పిల్ల అన్న ముద్ర మిగిలిపోతుంది. వ్యాధికి పేరు ఉందని, పరీక్ష ఉందని, చికిత్స ఉందని తెలియజేసే వార్త ఒక్క కుటుంబాన్నైనా భూతవైద్యుని గడప తొక్కకుండా ఆపి ఆసుపత్రికి నడిపించగలిగితే ఒక బిడ్డ భవిష్యత్తు నిలబడుతుంది.